కాలు మొలిచే ఏడు

ఈమధ్య కొందరు పిల్లలు ఎక్కడో నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తున్నారు. "మేడం, మీరు తొలితరం సైన్స్ ఫిక్షన్ రచయితలట కదా, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. తొలితరం అనగానే వాళ్ల కళ్లముందు శాలువాలు, సన్మానాలు మెదులుతాయో ఏమో. మేము ముగ్గురం. మూడు ఊళ్లు, మధ్యలో ఒక ఎర్రబస్సు. అంతే మా తరం.

నేను నాగర్‌కర్నూల్లో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. వనపర్తిలో ఒకాయన రేడియోలు బాగుచేసేవాడు. గద్వాలలో ఇంకొకాయన వ్యవసాయ శాఖలో గుమస్తా. పొద్దంతా ఆఫీసులో విత్తనాలు, ఎరువుల సంగతులు రాసి, సాయంత్రం ఇంటికి పోయి చంద్రుడి మీద జొన్న పండించేవాడు. హైదరాబాదులో ఒక పెద్దమనిషి తన ఇంటి ముందుగదిలో కూర్చుని చిన్న మాసపత్రిక నడిపేవాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సైన్సు కథలే. అట్లాంటి పత్రిక అప్పటికి మాకు తెలిసినంతలో తెలుగులో ఇంకొకటి లేదు. కొన్నేళ్లు బతికి, ఆయనతోపాటే పోయింది.

మా ముగ్గురిదీ అప్పట్లో ఒకే జిల్లా అని చూసి ఆ పెద్దమనిషి మమ్మల్ని గొలుసు నవల రాయమన్నాడు. ఒకరు ఒక భాగం రాసి కథానాయకుణ్ని ఏదో గండంలో పడేసి వదలాలి. తర్వాతివాళ్లు ఆ గండం గట్టెక్కించి ఇంకో గండంలో పడెయ్యాలి. గద్వాల ఆయన తను రాసింది బస్సు కండక్టరు చేతికిస్తే వనపర్తి బస్టాండులో రేడియో ఆయన అందుకునేవాడు. తన భాగం దానికి కలిపి నాగర్‌కర్నూల్ బస్సుకు ఇచ్చేవాడు. నేను నా వంతు రాసి అంతా హైదరాబాదుకు పంపేదాన్ని. నియమాలు మేమే పెట్టుకున్నాం. వంతు తప్పకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకరు రాసింది ఇంకొకరు చెరపకూడదు. నచ్చకపోతే దాని మీద నీ తెలివి కొద్దీ ఇంకేదైనా కట్టుకో, అంతేగాని కొట్టెయ్యడానికి లేదు.

చెరిపే పనంతా హైదరాబాదులో జరిగేది. మా నాయకుడు మా పక్క మనిషి. రాకెట్టు దిగి "అరె, గిదేం జాగ" అన్నాడని మేము రాస్తే, అచ్చులో "ఆహా, ఇదేమి ప్రదేశము" అని వచ్చేది. ఒకసారి వనపర్తి బస్టాండులో ముగ్గురం కలిసి ఆ సంచిక చదువుకుని కడుపు పట్టుకుని నవ్వాం. గాలి లేకున్నా బతికినోడు ఈ భాషతోని బతకడని రేడియో ఆయన అన్నాడు.

ఆ నవల జరిగే కాలం ఏదంటే, సరిగ్గా ఈ ఏడే. అప్పుడు మాకది ఎంత దూరంగా కనిపించిందంటే, ఆ సంవత్సరం పేరు పెట్టి ఏది రాసినా చెల్లుతుందనుకున్నాం. గద్వాల ఆయన ఒక భాగంలో మా నాయకుడి కాలు బండరాయి కింద పడి నుజ్జయిందని రాశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ కాలంలో మనుషులకు పోయిన కాళ్లు బల్లితోకలాగా మళ్లీ మొలుస్తాయని కూడా రాసిపెట్టాడు. సైన్సు సంగతి కదా అని రేడియో ఆయన తన భాగం రాయకముందే దాన్ని నాకు చూపించాడు. నేను ఒంటికాలి మీద లేచాను. రేపు నా పిల్లలు ఇది చదివి వస్తే నేను ఏం మొహం పెట్టుకుని పాఠం చెప్పాలి? బల్లికి తోక మొలుస్తుంది గాని మనిషికి కాలు మొలవదు, ఇది పచ్చి అబద్ధమని వనపర్తి బస్టాండులో గద్వాల ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తొణకలేదు. "ఇప్పుడు మొలవది. నేను రాసింది ఇప్పటి ముచ్చట గాదు" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చివరికి మా ఇద్దరి మధ్యా నలిగిన రేడియో ఆయనే ఏదో ఉపాయం రాసి కథను ముందుకు నడిపాడు. ఆ మంచి మనిషి పోయి చాలా కాలమైంది. మిగిలింది మేమిద్దరమే.

ఈ వానకాలంలో ఒకరోజు పొద్దున్నే అన్న బిడ్డ ఫోన్ చేసింది. అన్న అంటే ఈ గద్వాల ఆయనే. ఎన్నడు మొదలైందో గుర్తులేదు, ఆయన నన్ను చెల్లె అన్నాడు, నేను అన్న అన్నాను, ఇద్దరం జీవితమంతా కొట్లాడుకున్నాం. భార్య పోయాక బిడ్డ దగ్గరే ఉంటున్నాడు. ఆ పిల్ల ఇటిక్యాల దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. గట్టి మనిషి. ఆ పొద్దున మాత్రం పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"అత్తా, నాయినను వనపర్తి దవాఖానల చేర్పించినం. షుగరుతోని కాలు చెడింది. ఇయ్యాల తీయకుంటే పాణం మీదికొస్తదంటుండు డాక్టరు. నాయిన సంతకం పెడ్తలేడు."

"ఎందుకు పెడ్తలేడు?"

"తెల్వదత్తా. ఎవరేం చెప్పినా మొఖం అటు తిప్పుకుంటుండు. నువ్వు చెప్తెనన్న ఇంటడేమో. జర జల్ది రా."

చేతిలో టీ గ్లాసు అట్లాగే పెట్టి బయలుదేరాను. బస్సులో నేను మర్యాదగా లేను. బిజినేపల్లి దాటాక గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు ఆగితే, కాపరి మీద అరిచాను, హారన్ కొట్టని డ్రైవరు మీద అరిచాను. ఎవరో పెద్దావిడ "ఎందుకమ్మా గంత పరేషాన్, నిమ్మలంగ పోదాం" అన్నది. ఆమె మీద కూడా అరిచాను. పక్కన పత్తి చేలు వానకు తడిసి నల్లగా, నిండుగా ఉన్నాయి. నా తలలో ఒకటే మాట తిరుగుతోంది. కాలు తీస్తే మనిషి దక్కుతాడు, తీయకపోతే దక్కడు. ఇంత తేలిక లెక్క ఆ మనిషికి ఎందుకు అర్థం కావడం లేదు?

ఆస్పత్రి చిన్నదే, రెండంతస్తులది. మెట్ల దగ్గరే డాక్టరు ఎదురయ్యాడు. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడువాడు. నేను ఎవరో బిడ్డ ముందే చెప్పినట్టుంది.

"మేడం, మీరు కాస్త చెప్పండి. కాలివేలికి ముల్లు గుచ్చుకుంటే ఆయనకు తెలియనే లేదు, షుగరుతో స్పర్శ పోయింది. ఇప్పుడు పాదమంతా కుళ్లిపోయింది. ఇవాళే మోకాలి కింద తీసేస్తే పెట్టుడు కాలుతో హాయిగా నడుస్తారు. ఆలస్యమైతే మోకాలు కూడా పోతుంది. ఇంకా ఆలస్యమైతే విషం రక్తంలోకి ఎక్కుతుంది. అప్పుడు మా చేతుల్లో ఏమీ ఉండదు."

"బిడ్డ సంతకం పెడితే సరిపోదా?"

"ఆయన తెలివిలో ఉన్నారు, వద్దంటున్నారు. ఆయన నోటితో సరే అనకుండా నేను కత్తి పట్టను మేడం. మత్తు డాక్టరు గారు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి కూర్చున్నారు. సాయంత్రానికి ఆయన వెళ్లిపోవాలి."

గదిలోకి పోయాను. కిటికీ పక్కన మంచం మీద అన్న సగం చిక్కిపోయి ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి నవ్వాడు.

"వచ్చినవా సైన్సు పంతులమ్మా."

"ఎట్లుంది అన్నా?"

"ఎట్లుంటది? కాలు చచ్చింది, నేను బతికున్న. ఇద్దరం ఒక్క మంచం మీద పండుకున్నం."

దుప్పటి తొలగించి చూశాను. ఎందుకు చూశానా అనిపించింది. వేళ్లు బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. పాదం ఉబ్బి మెరుస్తోంది. వాసన గురించి రాయను. పిక్క మీద, మోకాలికి చాలా కింద, డాక్టరు పెన్నుతో నీలం గీత ఒకటి గీశాడు. ఎర్రదనం పొద్దున అక్కడిదాకా ఉన్నదని గుర్తు. ఇప్పుడు ఆ ఎర్రదనం గీత దాటింది. ఒక వేలెడు పైకి పాకింది. నేను వేలు పెట్టి చూశాను, ఆ చోట చర్మం కాలిపోతోంది.

బిడ్డ మంచం అవతల నిలబడి నా మొహమే చూస్తోంది. ఆ పిల్ల ముందు భయం కనబడనివ్వకూడదని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాను. నెత్తురు ప్రవాహం గురించి, సూక్ష్మక్రిముల గురించి, చచ్చిన కండ నుంచి విషం ఎట్లా పైకి ఎక్కుతుందో వివరించాను. పదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. అన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"అయిపోయిందా పాఠం?" అన్నాడు. "నువ్వు చెప్పేటియన్ని నాకెర్కే. వేరే ముచ్చటేదన్న ఉంటె చెప్పు. మీ దిక్కు వానలెట్ల పడ్డయ్?"

నా సహనం అక్కడితో అయిపోయింది. అది ఎప్పుడూ పెద్దగా ఉన్నది కాదు.

"వానల సంగతి నేను చెప్తగని, నువ్వు గా పోరి మొఖం చూసినవా? నీ ఎంబడి తిరిగి తిరిగి ఎట్లయిందో చూసినవా? కథలల్ల మందివి కాళ్లిరగ్గొట్టి, తలకాయలు మార్చి, గుండెలు పెట్టెలల్ల పెట్టినోనివి. నీ కాలు కాడికొచ్చే వరకు గింత పిరికితనమా?"

"పిరికితనం గాదు."

"మరేంది?"

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కిటికీ బయట చూడ్డానికి ఏమీ లేదు, గోడ తప్ప. ఆ గోడనే చూస్తూ పడుకున్నాడు. నేను కోపంతో బయటికి వచ్చేశాను.

వరండాలో బిడ్డ నా వెనకే వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "అత్తా, ఒక్క ముచ్చట నీకు ఫోన్ల చెప్పలే. చెప్తె నవ్వుతవనుకున్న. నిన్న జ్వరంల ఉన్నప్పుడు నాయిన అన్నడు, నేను రాసిన ఏడు ఇదే బిడ్డా అని. కాలు మొలుస్తదని రాసిన్నంట. గా ఏడు వచ్చినంక నేనే కాలు కోపిచ్చుకొని సంతకం పెడితే, నేను రాసిందంత అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు గాదా అన్నడు. జ్వరం మాటలనుకున్న. పొద్దున గూడ అదే అన్నడు. నాకేం సమజైతలేదు."

నాకు సమజయింది. ముందు ఒళ్లు మండింది. అచ్చులో పదిమంది కూడా చదవని కథ కోసం నిజమైన ప్రాణం పోగొట్టుకునే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉంటాడా? రైతు పంట కోసం మొండికేస్తాడు, ఆలుమగలు పంతాలకు పోతారు, అన్నదమ్ములు గట్టు కోసం తలలు పగలగొట్టుకుంటారు. ఒక ఊహ నిజం కాలేదని చావడానికి సిద్ధపడేది మా రాతగాళ్ల జాతి వాళ్లే. ఆ బెంచీ మీద కూర్చుని తిట్టరాని తిట్లన్నీ తిట్టాను.

తిట్టి తిట్టి అలిసిపోయాక ఏడుపు వచ్చింది. ఎందుకంటే ఈ ఏడు మొదలైన రోజు నాకూ గుర్తొచ్చింది. కొత్త క్యాలెండరు మేకుకు తగిలించి, ఆ అంకెల ముందు చాలాసేపు నిలబడ్డాను. మేము రాసినవి ఏవీ రాలేదు. చంద్రుడి మీద ఊరు లేదు, జొన్న చేను లేదు. నాగర్‌కర్నూల్ బస్టాండులో వాన పడితే నీళ్లు నిలవడం కూడా మానలేదు. ఆ రోజు అన్నకు ఫోన్ చేద్దామనుకున్నాను. చేసి ఏమనాలి? నేను చెప్పలేదా అనాలా? నేనే గెలిచానని తెలుసు, ఆ గెలుపు నాకు వద్దు. ఆయనే గెలవాలని, నేను ఓడిపోవాలని నాకు లోపల ఎంత ఆశ ఉండేదో ఆ రోజే తెలిసింది. ఫోన్ చేయలేదు.

డాక్టరు వచ్చి మళ్లీ గదిలోకి పోయి కాలు చూసి వచ్చాడు. ఈసారి నాతో మాట్లాడలేదు, బిడ్డతో మాట్లాడాడు. "మోకాలు దక్కుతుందని ఇక మాట ఇవ్వలేనమ్మా. ఇప్పుడే అయితే మనిషిని దక్కించుకోవచ్చు. మత్తు డాక్టరు గారు ఇంకో గంట చూస్తానన్నారు."

నేను లేచాను. మళ్లీ గదిలోకి పోయి కుర్చీ లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చున్నాను.

"అన్నా, నువ్వు రాసింది అబద్ధమని ఎవరన్నరు?"

ఆయన వెంటనే బిడ్డ వైపు చూశాడు. చెప్పేసిందని అర్థమైంది. "నువ్వే అన్నవు. బస్టాండుల, పదిమందిల."

"అవ్, అన్న. ఇప్పుడు గూడ అంటున్న. గని కథల నా మాట చెల్లిందా? చెల్లలే. నీ మాట చెల్లిందా? అదీ ఉత్తగ చెల్లలే. ఎవరి మాట చెల్లింది?"

ఆయన దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటున్నాడు. నేనే చెప్పాను.

"రేడియో ఆయన మాట చెల్లింది. ఆయనేం రాసిండో యాదికున్నదా?"

"లేదు."

"నీకు యాదికి లేదా? కామాలతోని సహా అప్పజెప్పెటోనివి. నేను చెప్పనా?"

నిజానికి నాకు పూర్తిగా గుర్తులేదు. బెంచీ మీద ఏడుస్తున్నప్పుడు ఆ భాగం మొదలు మాత్రమే తట్టింది. మా నాయకుణ్ని చంద్రుడి మీది వైద్యశాలకు మోసుకుపోతారు. కాలు మొలిపించే యంత్రంలో పడుకోబెడతారు. యంత్రం పని చెయ్యదు. ఎందుకు పని చెయ్యదు, ఆ వాక్యం నాకు కావాలి. గొంతు పెద్దది చేసుకుని మొదలుపెట్టాను.

"'కొత్త కాలు మొలవవలెనన్నచో...'"

అక్కడ ఆగిపోయాను. ముందుకు రాలేదు. హైదరాబాదు పెద్దమనిషి దిద్దిన ఆ భాష నా నాలుకకు ఎన్నడూ పట్టలేదు. ఇంక అయిపోయింది, ఈ తెలివి కూడా పారలేదు అనుకున్నాను. బిడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది.

అన్న గోడ వైపు చూస్తూనే, చాలా మెల్లగా అందుకున్నాడు.

"'...చచ్చిన కాలును తొలగింపుమని రోగియే తన నోట చెప్పవలెను. ఆ మాట వినినంతవరకు ఏ యంత్రమును కదలదు.'"

చెప్పి కళ్లు మూసుకున్నాడు. కొద్దిసేపటికి, "అది ఆయన భాగం. నా భాగంల లేదు" అన్నాడు.

"గొలుసుల నా భాగం నీ భాగం అని ఉన్నదా? సరే, చెరుపు మరి. పోయినోడు రాసిపెట్టి పోయిండు. అడ్డం చెప్పనీకె ఆయన లేడు. చెరుపు, నేను చూస్త."

"చెరపరాదు" అన్నాడు అన్న.

"చెరపరాకుంటె ఆయన చెప్పినట్టు చెయ్యి."

ఆయన నా వైపు తిరిగాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న కళ్లే, జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"మరి మొలుస్తదా చెల్లె?"

బిడ్డ నా వైపు చూసి అవునను అన్నట్టు తల ఊపింది. ఒక్క మాట, అబద్ధమే కానీ, అంటే సంతకం పెట్టేస్తాడు. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. అయితే ఆయన నన్ను అడుగుతున్నది ఎందుకో నాకు తెలుసు. లోకంలో అందరూ మంచిమాటలు చెబుతారు, చెల్లె మాత్రం చెప్పదని నన్ను అడుగుతున్నాడు.

"మొలవది అన్నా" అన్నాను. "ఈ ఏడు మొలవది."

బిడ్డ ఏడుపు బయటికి వినిపించింది. నేను చెడగొట్టానని, చేజేతులా మనిషిని చంపుకున్నానని అనుకున్నాను.

"నా కళ్లద్దాలు ఏడున్నయ్ బిడ్డా?" అన్నాడు అన్న. "గా కాయితం తెమ్మను. ఏడ పెట్టాల్నో చూపియ్యి."

తర్వాత అంతా ఎవరో తరుముతున్నట్టు జరిగింది. నర్సులు వచ్చారు, స్ట్రెచర్ వచ్చింది. తలుపు మూసుకుంది. బయట వాన పట్టుకుంది. బిడ్డా నేనూ బెంచీ మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. నాకు భయమేసింది. చిన్నప్పటి నుంచి నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, ఆ రోజు మాత్రం ఎవరికి మొక్కాలో తెలియక, పోయిన రేడియో ఆయనకు మొక్కాను. అయ్యా, మధ్యలో ఉండి సర్దడం నీకు అలవాటే కదా, ఈ ఒక్కసారి సర్దు అన్నాను.

డాక్టరు బయటికి వచ్చేసరికి మా ఇద్దరి కాళ్లూ తిమ్మిరెక్కి లేవలేకపోయాం.

"ప్రాణానికి భయం లేదు" అన్నాడు ముందు. మంచి పిల్లవాడు, ఏది ముందు చెప్పాలో తెలిసినవాడు. "మోకాలు దక్కలేదు. పైకి పోవాల్సి వచ్చింది."

బిడ్డ నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. మనిషి మిగిలాడన్న సంతోషం ఎంత ఉందో, మోకాలు పోయిందన్న కోపమూ అంతే ఉంది. పొద్దున్నే సంతకం పెట్టి ఉంటే దక్కేది. ఒక్క పూట పంతానికి మోకాలు ధారపోశాడు. ఆయన లేచాక నాలుగు దులపాలని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు ఉదయం నన్ను లోపలికి పంపారు. బిడ్డ టీ తేవడానికి కిందికి పోయింది. అన్న మేలుకునే ఉన్నాడు. పై కప్పును చూస్తున్నాడు, కిందికి చూడటం లేదు. దుప్పటి ఒకవైపు కాలి ఆకారంలో లేచి ఉంది, రెండోవైపు తొడ సగం నుంచి మంచానికి అతుక్కుని ఉంది. దులపాలనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు.

"ఏడి దాంక తీసిన్రు?" అన్నాడు.

"నువ్వు చూసుకోలేదా?"

"లేదు. నువ్వు చెప్పు."

"మోకాలు పోయింది అన్నా. తొడ సగం దాంక తీసిన్రు."

ఊఁ అన్నాడు. కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. నేను కొంగుతో తుడిచాను. ఆ పని నేను ఆయనకు ఎన్నడూ చెయ్యలేదు, ఆయనా చెయ్యనిచ్చే రకం కాదు. కింద రోడ్డు మీద ఎవరో ఆటో స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు.

"చెల్లె" అన్నాడు.

"ఊఁ."

"జర గోకు."

"ఏడ?"

"బొటనవేలు. పాణం పోతుంది దురదతోని. రాత్రి సంది ఎవరికి చెప్పలే. చెప్తె పిచ్చిలేసిందనుకుంటరు."

"ఏ కాలిది?" అన్నాను. అడుగుతూనే అర్థమైంది. ఆయన చూపు కప్పు మీద నుంచి మొదటిసారి కిందికి దిగి, దుప్పటి చదునుగా పడి ఉన్న చోట ఆగింది.

"కదులుతుంది చెల్లె. వేళ్లన్ని కదులుతున్నయ్. నాకు తెలుస్తనే ఉన్నయ్."

అదేమిటో నాకు తెలుసు. నాడుల పాఠం చెప్పేటప్పుడు ఏటేటా పిల్లలకు దీన్నే ఉదాహరణగా చెప్పాను. అవయవం పోయినా మెదడులో దాని చోటు అట్లాగే ఉంటుంది, లేని వేలు దురద పెడుతుంది, లేని మడమ నొస్తుంది, అది భ్రమ. నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు.

నోరు మూసుకున్నాను. కుర్చీ కాళ్ల వైపు జరుపుకుని, ఏమీ లేని ఆ దుప్పటి మీద చెయ్యి పెట్టి గోకాను.

"గాడ గాదు. జర ఇవుతలికి."

చెయ్యి ఇవతలికి జరిపాను.

"ఇంక జర కిందికి. ఆఁ. గాడనే."

గోళ్లు పరుపు గుడ్డ మీద గరగరమంటున్నాయి. ఆయన ముడిపడ్డ నుదురు మెల్లగా విడిపోయింది, కళ్లు మూతలు పడ్డాయి. బిడ్డ టీ పట్టుకుని వచ్చి, నేను చేస్తున్నది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను చెయ్యి తీయలేదు.